పాకం

సంక్రాంతికి మా అమ్మ అరిసెల పాకం పడుతుంటే పొయ్యి దగ్గర ఎవరూ మాట్లాడకూడదు. చుక్క తీసి చల్లటి నీళ్లలో వేసి వేళ్లతో చూస్తుంది. లేతదైతే జారిపోతుంది, కుదిరితే ఉండ కడుతుంది, ఇంకాస్త ఏమరితే అరిసెలు రాళ్లే! బెల్లం అదే, నీళ్లు అవే. తేడా అంతా పొయ్యి మీద ఎంతసేపు ఉందన్న దానిలోనే.

పోయిన వేసవిలో ప్రాజెక్టు పని మీద ఒక ప్రయోగశాలలో నిలబడ్డప్పుడు ఆ పొయ్యే గుర్తొచ్చింది. కాడ్మియం కరిగించిన నూనెలాంటి ద్రవాన్ని 225 డిగ్రీల దాకా వేడిచేసి, అందులో సెలీనియం ద్రావణం ఒక్కసారిగా పోశారు. కొన్ని సెకన్లకొకసారి కొంచెం తీసి చిన్న సీసాల్లో పొయ్యడం నా పని. మొదటిది లేత పసుపు, తరువాతిది నారింజ, చివరిది ఎరుపు! పదార్థం మారలేదు. రేణువులు ఒకటి రెండు నానోమీటర్లు పెరిగాయి, అంతే. నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు.

వీటినే క్వాంటం డాట్లంటారు. 1980ల తొలినాళ్లలో ఎకిమోవ్ రంగు గాజులోనూ, బ్రూస్ ద్రావణంలోనూ ఈ వింతను గమనించారు. 1993లో బావెండి వీటికి పాకం పట్టే పద్ధతి చూపించాడు. 2023లో ముగ్గురికీ రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

సౌర ఘటాలకు వీటితో ఏం పని? సిలికాన్ పట్టుకోగల కాంతికి ఒక హద్దుంది, దాన్ని మనం మార్చలేం. 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల కన్నా తక్కువ శక్తి గల పరారుణ కిరణాలు దానిగుండా దాటిపోతాయి. లెడ్ సల్ఫైడ్ రేణువుల్ని కావలసిన సైజుకు పెంచితే ఆ కిరణాలనూ పట్టవచ్చు.

ఇదంతా సెలవుల్లో చేను గట్టు మీద నాన్నకి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే మీరూ వేళ్లతో చూస్తారా?" అన్నాడు.

"లేదు నాన్నా, తొడుగులేసుకోవాలి. కాడ్మియం విషం, సీసమూ అంతే."

"మరి ఆ ప్యానెల్ పగిలి మన చేలో పడితేనో?"

మాట రాలేదు. మట్టిలో చేరిన కాడ్మియాన్ని వరి పీల్చుకుంటుందని చదివాను. ప్రయోగం అయ్యాక మిగిలిన ద్రావణాన్ని డబ్బాలో పోసి మూత బిగించారు. అదెక్కడికి వెళ్తుందో నేను అడగనేలేదు.

కాడ్మియం, సీసం లేకుండా రాగి, ఇండియం, గంధకాలతోనూ ఇలాంటి రేణువులు చేస్తున్నారు. ఎమ్మెస్సీలో సీటొస్తే నేను పట్టదలచిన పాకం అదే. అంతకన్నా ముందు ఆ డబ్బా సంగతి అడగాలి.