పడవకి చుట్టాలొస్తే...

చుట్టాలొస్తున్నారంటే ఇల్లు సర్దుకోవడం ఎవరింట్లోనైనా ఉండేదే. కుర్చీలో బట్టలు బీరువాలోకి, టీవీ మీద కాగితాలు మంచం కిందకీ వెళ్లిపోతాయి. మరి ఆ ఇల్లు 17 మీటర్ల పొడవున్న తెరచాప పడవైతే? ఆరుగురు నలభై రోజులు నేల ముఖం చూడకుండా అందులోనే తిని, పడుకుని, అప్పుడే రేవుకి చేరి ఉంటే?

ముప్పాళ్ళ లాంటి పల్నాటి ఊళ్లో పడవంటే గుర్తొచ్చేది కృష్ణలో తిరిగే పుట్టి, లేదంటే మాచర్ల అవతల నాగార్జునకొండకు తీసుకెళ్లే లాంచీ. సముద్రం చూడాలంటే గుంటూరు, బాపట్ల దాటి సూర్యలంక వెళ్లాలి. అందుకే 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ బయల్దేరినప్పుడు ఇక్కడి వాళ్లకు పడవ కన్నా అందులోని పేర్లే ముందు కనిపించాయి. విశాఖపట్నం అమ్మాయి పి.స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి.ఐశ్వర్య. వర్తికా జోషి నాయకత్వంలో ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తాలతో కలిసి ఆరుగురు నౌకాదళ అధికారిణులు భూగోళాన్ని చుట్టి రావడానికి బయల్దేరారు.

దారిలో ఆగాల్సినవి నాలుగు రేవులు... ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజిలాండ్‌లో లిటిల్‌టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. ఒక్కోచోట బస మహా అయితే రెండు వారాలు. విశ్రాంతి అనుకుంటారు చూసేవాళ్లు. నిజానికి పని పట్టేది రేవులోనే! చిరిగిన తెరచాప కుట్టాలి. స్తంభం చిటారుకెక్కి ఇనుప తాళ్లు ఒక్కొక్కటీ తడిమి చూడాలి. ఇంజన్ ఆయిల్ మార్చాలి. ఉప్పు పట్టిన బట్టలన్నీ ఉతకాలి. తిండి నింపుకోవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో అయితే అంతకన్నా ముందు అధికారులు పడవెక్కి వంటగది అరలు వెతుకుతారు. మిగిలిన పళ్లు, కూరగాయల మీద వాళ్ల కన్ను పడిందంటే అవి చెత్తబుట్టకే.

ఇన్ని పనుల మధ్య అతిథులు. తప్పించుకునే వీలూ లేదు. రేవుల్లో స్థానికులతో, ముఖ్యంగా పిల్లలతో మాట్లాడి వాళ్లకు సముద్రయానం మీద ఆసక్తి కలిగించడం ఆ యాత్ర లక్ష్యాల్లో ఒకటిగా నౌకాదళం ముందే ప్రకటించింది.

పడవకి వచ్చే చుట్టాలకు కొన్ని మర్యాదలున్నాయి. చెప్పులు ఒడ్డునే విడవాలి. ఇది మనవాళ్లకు చెప్పక్కర్లేదు, గడప దగ్గర అలవాటే. బూటు మడమలో ఇరుక్కున్న చిన్న రాయి చాలు, పడవ పైభాగం గీరుకుపోవడానికి. ఒక చెయ్యి మీ కోసం, ఒక చెయ్యి పడవ కోసం అంటారు నావికులు. ఏదో ఒకటి పట్టుకునే నడవాలన్నమాట. చేతికి దొరికింది కదా అని ప్రతి తాడూ లాగకూడదు. ఇక మరుగుదొడ్డి... అందులో కడుపులోంచి వచ్చింది తప్ప ఇంకేదీ పడకూడదు! చిత్తుకాగితం ఇరుక్కుంటే ఆ గొట్టం విప్పాల్సింది పిలిచినవాళ్లే.

లోపలికి దిగగానే అందరూ ముందు ఆగేది పొయ్యి దగ్గరే. అది ఊయలలా వేలాడుతుంటుంది. పడవ ఎటు ఒరిగినా గిన్నె మాత్రం నిటారుగా ఉండటానికి ఆ ఏర్పాటు. ఆ పక్కన మనిషి పట్టేంత పడక. ‘రాత్రిపూట లంగరు వేసి పడుకుంటారా?’ అని అడగని అతిథి ఉండరేమో. నడిసముద్రంలో లోతు కిలోమీటర్లలో ఉంటుంది, లంగరు ఎక్కడ తగిలేను! వంతులవారీగా కాపలా కాస్తూ పడవ నడుపుతూనే ఉండాలి. అలా నెలల తరబడి ముక్కలు ముక్కలుగా నిద్రపోయిన మనిషి అదే ప్రశ్నకు పదోసారి నవ్వుతూ జవాబు చెప్పడం కూడా నావిక విద్యలో భాగమే అనుకోవాలి.

రేవుకొచ్చిన వాళ్లను ఎలా చూడాలన్నది తెలుగు నేలకు కొత్త సంగతేం కాదు. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. తుపానుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా పూర్వపు రాజులు లాగేసుకునేవారని, తాను మాత్రం న్యాయమైన సుంకమే తీసుకుంటానని అందులో రాయించాడు. అంతకు వెయ్యేళ్ల ముందే కృష్ణా తీరంలోని ఘంటసాల శాసనంలో శివకుడనే ‘మహానావికుడి’ పేరుంది. తారిణి యాత్రకు పెట్టిన పేరు కూడా ‘నావికా సాగర్ పరిక్రమ’!

లిటిల్‌టన్ సంగతి మరీ ముచ్చటైనది. దక్షిణ ధ్రువం వైపు స్కాట్, షాకల్టన్ ఓడలు బయల్దేరిన రేవు అది. అక్కణ్నుంచి డిసెంబరులో కదిలిన తారిణికి పసిఫిక్‌లో గంటకు వంద కిలోమీటర్లు దాటిన గాలులు ఎదురయ్యాయి. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి పోర్ట్ స్టాన్లీ చేరింది. ఆ తర్వాత కేప్‌టౌన్ నుంచి ఇంటిదారి పట్టాక చుక్కాని తిప్పే యంత్రాంగం మొరాయిస్తే, అనుకోని అయిదో రేవుగా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. రేవులో ఒక్కో బోల్టూ ఎందుకంత శ్రద్ధగా చూసుకుంటారో ఇలాంటప్పుడు తెలుస్తుంది. పడవ బాగుందని మెచ్చుకుని వెళ్లే అతిథికి కనిపించేది మెరుస్తున్న పైభాగమే. వాళ్లు దిగగానే టార్చిలైటు పట్టుకుని అడుగుభాగంలోకి దూరే మనిషి కనిపించదు.

మే 21న గోవా చేరేసరికి ప్రయాణం మొత్తం 254 రోజులు. అందులో సముద్రం మీద గడిచినవి 199.

అదే తారిణి 2024 అక్టోబరు 2న మళ్లీ బయల్దేరి, ఆ నాలుగు రేవులూ తాకి, 2025 మే 29న తిరిగొచ్చింది. ఈసారి పడవలో ఉన్నది దిల్నా, రూప... ఇద్దరే. అంటే తెరచాప కుట్టడం, స్తంభం ఎక్కడం, వచ్చిన పిల్లలకు పొయ్యి ఊగడం చూపించడం, అన్నీ ఆ నాలుగు చేతులతోనే!