వాన పడని నూజివీడు

మే మొదటి వారం దాటేసరికి మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లకి ఏడెనిమిదింట్లోనే లైట్లు వెలుగుతాయి. మిగతావాళ్ళంతా ఊళ్ళు వెళ్ళిపోతారు. పోయేముందు తాళంచెవి మా ఇంట్లో ఇచ్చి, తులసికోటలో చెంబెడు నీళ్ళు పొయ్యమనీ, పేపరబ్బాయికి వద్దని గుర్తుచెయ్యమనీ అప్పగింతలు పెడతారు. "మీరెటూ వెళ్ళట్లేదు కదండీ?" అంటారు చివర్లో. అడగడం కాదది, ఖరారు చేసుకోవడం. ఎటూ వెళ్ళట్లేదు. నూజివీడులో మా ఇల్లు అమ్మేసి పద్నాలుగేళ్ళయింది. గోడకి వేలాడే తాళంచెవులు చూసి కొత్తవాళ్ళెవరైనా మేం లాడ్జి నడుపుతున్నామనుకోవాలి.

దాచుకోవడం దేనికి, నాకు మే నెల హైదరాబాదంటే ఇష్టం. ఏడాది పొడుగునా గంటన్నర పట్టే ఆఫీసు దారి నలభై నిమిషాల్లో అయిపోతుంది. ఉస్మానియా యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద తురాయిచెట్లు ఎర్రగా విరగబూస్తాయి. అక్కడక్కడా రేలచెట్టు ఆకులు రాల్చేసుకుని పసుపుపచ్చ గుత్తులతో నిలబడి ఉంటుంది. ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ వెళ్తే మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. ఎండ ముదరకముందే రెండు కొనుక్కుని, ఇరానీ హోటల్లో చాయ్ తాగి ఇల్లు చేరతాను. ఎండాకాలం వేడి టీ ఏమిటని అడిగేవాళ్ళకి నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన ఆ రాతి కట్టడంలో, గడియారం బురుజు కింద, మామిడిపండు గుజ్జుతో చేసిన ఐస్‌క్రీమ్ కప్పుల్లో పెట్టిస్తారు. ప్లాస్టిక్ కుర్చీ దొరికితే అదృష్టం, దొరక్కపోతే నిలబడే.

ఈ ఊరి ఎండలో ఒక మర్యాద ఉంది. సముద్రమట్టానికి ఐదొందల మీటర్ల పైచిలుకు ఎత్తున, పీఠభూమి మీద ఉండటం వల్ల గాలిలో తడి తక్కువ. వేడి ఎంతున్నా చెట్టుకిందికి వస్తే నీడ నీడలాగే ఉంటుంది. రాత్రి పదింటికి డాబా ఎక్కితే గాలి తగులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడుసార్లు ఉన్నట్టుండి మబ్బుపట్టి, దుమ్ము లేచి, వడగళ్ళు పడి, ఊరంతా ఒక్కసారిగా చల్లబడుతుంది. అయితే ఇదంతా నీడపట్టున కూర్చున్నవాడు చెప్పే మాట. 2015 మే నెలలో వడగాడ్పులకి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వందలమంది పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఎండన పడి పనిచేసేవాళ్ళు, ముసలివాళ్ళు. ఎండాకాలాన్ని మెచ్చుకోవాలంటే ముందు తలమీద కప్పు ఉండాలి.

ఇక మా నూజివీడు ఎండాకాలం. అక్కడి గాలిలో ఉబ్బ. చొక్కా వేసుకున్న ఐదు నిమిషాలకే వీపుకి అంటుకునేది. మెడచుట్టూ చెమటకాయలు, వాటిమీద తెల్లగా నైసిల్ పౌడరు. కరెంటు మధ్యాహ్నం పోతే ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్ళు లేరు. రోహిణికార్తెకి రోళ్ళు పగులుతాయనే సామెత విని, నేను పెరట్లో రోటి దగ్గర కూర్చుని నిజంగానే చూశాను, ఎప్పుడు పగులుతుందా అని. పల్లెటూరి వేసవిని వెన్నెల్లో ముంచి రాసేవాళ్ళు ఒక్క మధ్యాహ్నం ఆ పెంకుటింట్లో విసనకర్రతో గడిపి రాస్తే బాగుండును.

అయినా ఆ ఊరి మీద బెంగ పోదు. ఎందుకో చాలాకాలం నాకూ అర్థం కాలేదు.

వేసవి సెలవులంటే అందరూ అమ్మమ్మగారి ఊరు వెళ్ళడం గురించే చెబుతారు. మేం ఎక్కడికీ వెళ్ళేవాళ్ళం కాదు. వచ్చేవాళ్ళ కోసం చూసేవాళ్ళం. హైదరాబాదు నుంచి మా అత్తయ్య, మామయ్య, బావ వచ్చేవారు. నూజివీడు పేరుతో రైల్వేస్టేషన్ ఉంది గాని అది ఊళ్ళో లేదు, అంత దూరాన హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది. మొదటి ఏడాది మామయ్య టికెట్టు మీద ఊరిపేరు చూసి నమ్మి అక్కడ దిగిపోయి, అత్తింటివారి ఊరికి స్టేషన్ కూడా సొంతంగా లేదని చాలా ఏళ్ళు ఎగతాళి చేశాడు. తర్వాత్తర్వాత బెజవాడలో రైలు దిగి ఎర్రబస్సెక్కి వచ్చేవారు. పొద్దున్నుంచీ నేను బస్టాండులో వచ్చిన ప్రతి బస్సుకీ ఎదురెళ్ళేవాణ్ణి. బావ దిగగానే ముందు వాడి కాళ్ళకేసి చూసేవాణ్ణి, కొత్త బూట్లు వేసుకొచ్చాడా అని. అవి మరుసటేడు నాకొచ్చేవి.

బావ నోట్లో హైదరాబాదు వింత వింతగా పలికేది. జూపార్కులో పులి, ట్యాంక్‌బండ్ మీద గాలి, లిఫ్టున్న మేడ. లిఫ్టు గురించి ఎన్నిసార్లు చెప్పించుకున్నానో లెక్కలేదు. రాత్రుళ్ళు డాబామీద నీళ్ళు చల్లి, వేడి ఆవిరి పైకి లేచాక నవారు మంచాలు వేసుకుని పడుకుంటే, నెత్తిమీద సప్తర్షులుండేవి. నేను వాటిని చూడకుండా బావ చెప్పే లిఫ్టు తలుపులు మూసుకోవడం గురించి వింటూ నిద్రపోయేవాణ్ణి. బావేమో నేను చెప్పేవాటికి నోరు తెరిచేవాడు. పనసచెక్కతో వీణ తొలిచే ఇళ్ళు మా ఊళ్ళో ఉన్నాయంటే నమ్మక, తీసుకెళ్ళి చూపించమన్నాడు. ఆ ఇంటి అరుగుమీద తీగలింకా కట్టని వీణ బుర్ర ఒకటి బోర్లించి ఉంది. బావ వేలితో కొట్టి చూశాడు. కుండ మీద కొట్టినట్టు మోగింది. చెక్కడం ఆపకుండానే ఆయన "పండితే తినేస్తారు, కొడితే పాడుతుంది" అన్నాడు పనసచెట్టు గురించి. మళ్ళీ మాట్లాడలేదు.

చిన్నరసం తినడం బావకి నేను నేర్పాను. నా జీవితంలో నేను గురువునైన విద్య ఇదొక్కటే. వాడు మొదటిసారి చాకు అడిగాడు. నాయనమ్మ తల కొట్టుకుంది. బంగినపల్లి అయితే కోసుకో, రసాన్ని కోస్తారా ఎవరైనా? పండుని రెండు అరచేతుల మధ్యా పెట్టి, తోలు చిట్లకుండా, లోపల పీచు వదులయ్యేదాకా మెల్లగా నలపాలి. వేళ్ళు కాదు, అరచెయ్యి. పండు నీళ్ళతిత్తిలాగా అయ్యాక ముచ్చిక ఊడదీసి, మొదట వచ్చే సొన రెండు చుక్కలు పిండి పారెయ్యాలి. లేదంటే పెదవుల పక్కన పుండవుతుంది. అప్పుడు నోరు పెట్టి, కింద నుంచి నొక్కుతూ పైకి తెచ్చుకోవడమే. ఆఖర్న టెంక దానంతటదే బయటికొస్తుంది. మోచేతిదాకా కారినది నాకాలా వద్దా అన్నది ఎవరి సంస్కారం వారిది. నాయనమ్మ వరిగడ్డిలో మాగేసిన పళ్ళని రోజూ తిరగేసి వాసన చూసి, ఇవాళ్టికి ఇవి, రేపటికి ఇవి అని విడదీసేది. ఎక్కువ పండినవి మాకు, బాగా పండినవి బావకి. వచ్చినవాళ్ళు కదా.

ఆ మాటే అన్నిటికీ. వచ్చినవాళ్ళు కదా, కిటికీ పక్క మంచం వాడికియ్యి. వచ్చినవాళ్ళు కదా, మీగడ వాడికెయ్యి. ఉడుకుమోత్తనంతో ఒకసారి నేను పెరట్లోకి పోయి, నేనెప్పుడు ఎక్కడికి వస్తాను అని గట్టిగా అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఒక ఏడాది మే నెలాఖర్న సాయంత్రం గాలివాన వచ్చింది. మాకు తెలిసినవాళ్ళ తోట ఊరి బయట ఉండేది. గాలి తగ్గీ తగ్గగానే నేనూ బావా గోతం పట్టుకుని పరుగెత్తాం. నేలంతా కాయలే. ఆకులు, విరిగిన రెమ్మలు, వాటి మధ్య పచ్చగా, తడిగా, కొన్ని పగిలి లోపలి తెలుపు కనిపిస్తూ. ఏరినకొద్దీ ఉన్నాయి. ఎవరూ వద్దనలేదు. బావ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చెట్టు మొదట్లో తువ్వాలు నెత్తిన వేసుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. ఆ తోట ఆయన పూత మీదే గుత్తకి తీసుకున్నాడు. రాలిన కాయకి పచ్చడికి పనికొచ్చేపాటి ధర కూడా రాదు. మేం గోతం ఈడ్చుకుంటూ ఆయన ముందు నుంచే వచ్చాం. ఆయన మమ్మల్ని చూశాడు, చూడలేదు.

జూన్ మొదటి వారంలో బావ వెళ్ళిపోయాడు. బడి తెరిచారు. ఆ గుత్త ఆయన కొడుకు నా క్లాసే. పోయినేడాది పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, కలిపి కుట్టిన నోటుబుక్కుతో వచ్చాడు. ఒక కాగితం గీతలది, ఒకటి తెల్లది, ఒకటి లెక్కల గళ్ళది. తెలుగు పద్యం గళ్ళ కాగితం మీద రాసుకునేవాడు, గడికో అక్షరం. దసరా సెలవులిచ్చేదాకా వచ్చాడు, తర్వాత రాలేదు.

బావ ఇప్పుడు డాలస్‌లో ఉన్నాడు. మే నెల వస్తే చాలు ఫోను. "ఒరేయ్, రసాలొచ్చాయా?" 2007 నుంచి మన మామిడిపళ్ళు రేడియేషన్ పట్టించి అమెరికాకి పంపుతున్నారు గాని, మా చిన్నరసం అంత ప్రయాణానికి ఓర్చేది కాదు. తోలు పల్చన, పండితే రెండురోజులు. అందుకని బావ నాచేత తినిపించుకుని వింటాడు. నేనేమో బజార్లో కొన్న పండు ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది గడ్డిలో పండిందా, కార్బైడుతో పండిందా అని ఆలోచిస్తుంటాను. నిషేధం ఉంది సరే, వాసనకి నిషేధం గురించి తెలియదు.

"ఆరోజు గాలివానకి గోతం నిండా ఏరాం, గుర్తుందా?" అంటాడు ప్రతి ఏడూ.

"గుర్తుంది" అంటాను.

లెక్కవేస్తే బావ నూజివీడులో ఉన్నది పది వేసవులు, వేసవికో నెల, అన్నీ కలిపితే ఏడాది కూడా కాదు. నేను పదిహేడేళ్ళు ఉన్నాను. అయినా ఊరి గురించి వాడు చెబితేనే వినాలి. వాడి నూజివీడులో వాన పడదు. పడినా కాయలు రాల్చడానికే. బడి తెరిచే జూన్ పదమూడు రాదు. ముసురుపట్టి బురదలో చెప్పు తెగిపోదు, మూడునెలల పరీక్షలుండవు, నాయనమ్మకి దగ్గు రాదు. నేను బెంగపెట్టుకునేది కూడా వాడి ఊరి మీదే అనుకుంటాను. నేనున్న ఊరు మీద కాదు. వాడు బస్సు దిగిన రోజు నుంచి బస్సెక్కిన రోజు దాకా ఉండి, ఆ తర్వాత మాయమైపోయిన ఊరు మీద. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయిందని చెబితే, బావ ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. ఇల్లు అమ్మేశామని చెప్పినప్పుడు కూడా అంత బాధపడలేదు.

మొన్న ఆదివారం సాయంత్రం కింద గేటు దగ్గర వాచ్‌మన్ కొడుకు ఒక్కడే గోడకి బంతి కొట్టి పట్టుకుంటున్నాడు. తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్ళు. నన్ను చూసి బంతి ఆపాడు.

"అంకుల్, మూడో నంబరోళ్ళు ఎప్పుడొస్తరు?"

"జూన్ పదో తారీకు తర్వాతేమో. నువ్వు ఊరికి పోలేదా సెలవులకి?"

"మేం పోతే గేటెవరు చూస్తరు?" అన్నాడు, నాకు ఆ మాత్రం తెలియనందుకు ఆశ్చర్యపోతూ.

ముంజలబండి వీధి చివర వేపచెట్టుకింద ఉంది. ఒలిచినవి డజను కవర్లో వేసి ఇస్తారు ఇక్కడ. నేను రెండు కాయలు కొట్టకుండా, పైన మాత్రం చెక్కి ఇమ్మన్నాను. బండతను నాకేసి అనుమానంగా చూసి, కాయకి కాయ ధరే తీసుకున్నాడు. సెల్లారులో మెట్ల మీద కూర్చుని ఆ అబ్బాయికి బొటనవేలు ఎలా దూర్చాలో చూపించాను. మొదటి కన్నులోంచి నీళ్ళు చిమ్మి వాడి కంట్లో పడ్డాయి. కన్ను నలుపుకుంటూనే మిగతా రెండూ వాడే తిన్నాడు. రెండో కాయ నాకిచ్చాడు. కరెంటు తీగలకి తగులుతున్నాయని కొట్టేసిన కానుగకొమ్మలు గోడవార పడి ఉన్నాయి. అందులో పంగలకర్ర ఒకటి దొరికింది. ఇరుసుకి ఇంకో పుల్ల. ఖాళీ అయిన రెండు కాయలనీ ఇరుసుకి గుచ్చి, మధ్యలో పంగ ఆనించి వాడి చేతికిచ్చాను.

కార్లు లేని సెల్లారు ఎంత పెద్దదో నాకూ అప్పుడే తెలిసింది. ఈ చివర నుంచి ఆ చివరకి తోసుకుంటూ పోయాడు. కన్నం సరిగ్గా నడిమధ్య పడలేదేమో, బండి ఎడమవైపుకి లాగుతోంది. వాడు దాన్ని కుడికి తిప్పుకుంటూ, నోటితో ఎర్రబస్సు గేరు మార్చిన చప్పుడు చేసుకుంటూ, వెనక్కి వస్తున్నాడు.