గాలానికి చిక్కిన ఊరు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి చేపల వేటతో పనేమిటని మీరడగవచ్చు. నాకేమీ పనిలేదు. పని మా మేనల్లుడిది. వాడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో రెండేళ్లు చదివి వచ్చాడు. అక్కడ సరస్సులు పదివేలకు పైగా ఉన్నాయట. వాటిలో చాలా వాటికి లోతుల పటాలు గీయించి, ప్రభుత్వమే జనానికి ఉచితంగా ఇస్తుందట. ఆ పటమూ, ఒక జి.పి.ఎస్. పెట్టే పట్టుకుని, సెలవు దొరికితే చాలు, వీడు గాలం వేసుకుని కూర్చునేవాడు. తిరిగి వచ్చిన వారానికే, "మావయ్యా, మనకు మాత్రం సరస్సు లేదా ఏమిటి? నాగార్జునసాగర్ పోదాం రా" అన్నాడు.

"సాగర్ లోతులకు పటం ఎవరు గీశారురా?" అన్నాను.

వాడు నవ్వి, బల్లమీద ఒక పాత పటం నకలు పరిచాడు. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరగక పూర్వం సర్వేవారు ఆ లోయకు గీసిన పటమది. "ఇప్పుడు నీటి అడుగున ఉన్నది ఈ నేలే కదా! అప్పటి నేల పటమే ఇప్పటి సరస్సు అడుగు పటం" అన్నాడు. ఎంత తేలిక మాట! నాకు తోచనే లేదు.

పటం నిండా వంకర గీతలు. భూగోళం పుస్తకంలో వీటినే సమోన్నత రేఖలంటారు. ఒక గీత పొడుగునా నేల ఎత్తు ఒక్కటే. గీతలు దూరదూరంగా ఉంటే చదును నేల. ఒకదానినొకటి ఒరుసుకుంటే నిలువు గట్టు. ఇక లోతు కట్టడం చిన్న తీసివేత. సాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. మేము బయలుదేరిన పుష్యమాసంలో 560 ఉంది. నేల 500 అడుగుల గీతమీద ఉన్నచోట లోతు 60 అడుగులన్నమాట. చేపలు మేతకు మెరకకు వస్తాయి. ఎండెక్కితే లోతుకు జారుకుంటాయి. కాబట్టి మెరకా, మడుగూ పక్కపక్కనే ఉన్న గట్టు అంచు, అందులోనూ పాత వాగు మలుపు దొరికితే గాలానికి అదే చోటు.

వాడు పెన్సిలుతో ఒకచోట సున్న చుట్టాడు. "వాగు మలుపు, నిలువు గట్టు. గట్టు కింద ఏదో పల్లె కూడా ఉంది" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని ఆ పల్లె పేరు చదివాను. నోట మాట రాలేదు. అది మా అమ్మ పుట్టిన ఊరు!

వంటింట్లోంచి అమ్మను పిలిచాను. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఆమెకు పదేళ్లు. అంతకు ముందే ఎడ్లబండి మీద ఊరు దాటించారు. మళ్లీ ఆ వైపు వెళ్లలేదు. పటంమీద చెయ్యి వేసి చాలాసేపు చూసి, "చేపలు పట్టుకోండి నాయనా, వద్దనను. మా ఊరిమీద మాత్రం గాలం వెయ్యకండి" అంది.

హైదరాబాదు నుంచి దేవరకొండ మీదుగా వైజాగ్ కాలనీ చేరాం. నల్లగొండ జిల్లా కొండల నడుమ ఈ వైజాగ్ ఏమిటంటారా? విశాఖ తీరం నుంచి వలస వచ్చిన జాలరులు ఈ వెనుక జలాల ఒడ్డున స్థిరపడగా వచ్చిన పేరది. చుట్టూ కొండలు, మధ్య నీలపు నీరు, ఒడ్డున వేగుతున్న చేపల ఘుమఘుమ. ఒక ముసలి జాలరిని మాట్లాడుకుని పడవెక్కాం.

జి.పి.ఎస్. ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలు అందుకుని మనం ఎక్కడున్నామో చెబుతుంది. లోతు చెప్పేది సోనారు. నీళ్లలోకి శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చే వ్యవధిని బట్టి లెక్క కడుతుంది. "ఇదే గట్టు అంచు!" అని మేనల్లుడు పడవ ఆపించాడు. సోనారు చూస్తే అడుగున అంతా చదును. గట్టూ లేదు, వాగూ లేదు.

"ఏటి బాబూ, దారి తప్పినావా?" అని తాత నవ్వాడు. తెడ్డు అందుకుని ఒక కొండ నెర్రెను ఎదుటి బండరాయితో కలిపి చూశాడు. మరో వైపు రెండు శిఖరాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చేదాకా జరిపి, నూరు గజాలకు పైగా పోయాక ఆపాడు. సోనారు గీత ఒక్కసారిగా కిందికి జారింది!

వాడు తల కొట్టుకున్నాడు. పాత పటం ఎవరెస్టు దొర 1830లో కట్టిన భూమి కొలతల మీద గీసింది. జి.పి.ఎస్. లెక్క వేరు. ఆ తేడా దిద్దుకోవడం మరిచాడు.

"ఈ చోటుకు పేరేమిటి తాతా?" అన్నాను.

"గుడి కాడ అంటాం బాబూ. ఎండాకాలం మట్టం దిగితే వల రాళ్లకు పట్టేస్తాది. మా అయ్య రెండు వలలు పోగొట్టుకున్నాడిక్కడ. గుడి నాను సూడనేదు, ఆయనా సూడనేదు."

చూడనివారే ఆ పేరును రెండు తరాలు కాపాడారు!

మేనల్లుడు గాలం ఎత్తి లోపల పెట్టేశాడు. ఫోనులో అమ్మకు చెప్పాను. "లోతెంత?" అని అడిగింది. పల్లె 460 అడుగుల ఎత్తున ఉండేది, మట్టం 560. "నూరడుగులమ్మా" అన్నాను. కాసేపు పలకలేదు. "ఊరు మునిగిందని అందరూ చెప్పారు గానీ, నాకు నమ్మకం కలిగింది ఇప్పుడేరా" అంది. తరువాత, "కార్తీకంలో నన్ను తీసుకెళ్లండి. గుడిమీద ఒక దీపం వదిలి వస్తాను" అంది.

వాడు జి.పి.ఎస్.లో ఆ చోటు గుర్తు పెట్టుకున్నాడు. దానికి పేరు పెట్టమని పెట్టె అడిగితే "గుడి కాడ" అని కొట్టాడు. కార్తీకంలో పడవ నడపడానికి తాతకు బయానా ఆరోజే ఇచ్చి వచ్చాం.