గేజి ముల్లు చెప్పు సాక్ష్యము

తెలియని రోగమునకు తెలిసిన మందే యిచ్చుట మనలో పాతుకొనిన దురాచారము. శీతల యంత్రముల విషయమునను ఇదే కథ. గది చల్లబడకున్న గ్యాసు తగ్గినదనుట, గ్యాసు నింపి సొమ్ము పుచ్చుకొనుట. అంతటితో చికిత్స ముగియును.

భర్తను కోల్పోయిన యొక సోదరి పాలదుకాణము నడపి బిడ్డలను చదివించుచుండుట మే మెరుగుదుము. పాలు 5 డిగ్రీలకు లోపల నుండవలెను గదా. ఆమె శీతలగదిలో మూడు దినములు వరుసగా విరిగిపోయెను. పనివాడు రెండు మారులు గ్యాసు నింపెను. ఫలము లేకపోగా, కంప్రెసరే మార్చవలెననెను. అది యామెకు తలకు మించిన వ్యయము.

కంప్రెసరులో పిస్టను దిగునపుడు ఆవిరి లోనికి వచ్చును. లేచునపుడు నొక్కబడి వెలికి పోవును. రాకకు, పోకకు వేరువేరుగా పలుచని యుక్కురేకులు తలుపులవలె నుండును. ఇవియే కవాటములు, పనివారు వాల్వులందురు. రేకు పగిలినను, వేడిమికి మాడిన నూనె మసియై దానిపై పేరుకొనినను, నొక్కిన యావిరి వెనుకకు జారును.

గ్యాసు తగ్గినపుడు సాధారణముగా రెండు గేజీల ముండ్లును దిగును. కవాటము చెడినపుడో, పీల్చు వైపు పీడనము హెచ్చును, వెలువడు వైపు తగ్గును. మోటారు తీసికొను విద్యుత్తు కూడ తగ్గును. ఈ భేదమును చూడని వాడు గ్యాసు నింపుచునే యుండును.

పిమ్మట వచ్చిన యువకుడు రెండు గేజీలను తగిలించి చూచెను. పీల్చు వైపు సర్వీసు వాల్వును మూసి యంత్రమును కొద్దిసేపు నడపెను. కవాటములు బాగున్నచో ముల్లు వాతావరణ పీడనముకంటె దిగువకు పోయి, యంత్రము నాపినను అచ్చటనే నిలువవలెను. ఇచ్చట సగమే దిగెను, ఆపగానే పైకెక్కెను. నూనెలో కరగిన గ్యాసు వెలువడినను ముల్లు కొంత లేచును గనుక, అతడు మరల మరల పరీక్షించియే నిశ్చయించెను. ఈ పరీక్ష పిస్టను యంత్రములకే తగును. స్క్రోలు రకపు వానికి హాని చేయును.

అంతటితో నతడు తృప్తి పడలేదు. రేకు ఏల పగిలెనని వెదకెను. గదిలోని పంకాలలో నొకటి నిలిచిపోయి, చల్లని గొట్టములపై మంచు గడ్డకట్టి యుండెను. అందువలన ఆవిరిగా మారని ద్రవము కంప్రెసరునకు తిరిగి వచ్చుచుండెను. ద్రవము నొక్కిన నొదుగదు. దాని దెబ్బకు రేకు పగిలెను. అదనముగా నింపిన గ్యాసు ఆ కీడును పెంచునదే కాని తగ్గించునది కాదు. ఆ కంప్రెసరు తల బోల్టులతో బిగించినది యగుటచే కవాటపు పలకను మాత్రము మార్చి, పంకాను బాగుచేసి, హెచ్చు గ్యాసును తీసివేసిరి. అతుకుపెట్టి మూసిన రకమైనచో మొత్తము మార్చక తప్పదు. అయినను కారణము తొలగింపక క్రొత్తది పెట్టినచో, దానికిని అదే గతి పట్టును.

చదువరులారా! యంత్రశాస్త్ర మందరికి రాదు; ప్రశ్నించుట యందరికిని వచ్చును. రెండు గేజీలను చూచితివా? విద్యుత్తు కొలిచితివా? ఏల చెడినదో కనుగొంటివా? ఈ మూడును అడుగక సొమ్మిచ్చుట ఔదార్యము కాదు; అజ్ఞానమునకు మనము చెల్లించు కప్పము.