కొట్టేసేవాడు కావాలి

శీర్షిక చూసి కంగారు పడకండి. జేబులు కొట్టేసేవాణ్ణి గురించి కాదు నేను చెప్పబోయేది. వాక్యాలు కొట్టేసేవాణ్ణి గురించి.

మొన్న ఆదివారం మా వీధి కుర్రవాడొకడు వచ్చాడు. స్నేహితులంతా కలిసి చిన్న సినిమా తీస్తారట. ఫోనుతోనే తీసి, ఫోనులోనే లోకానికి చూపిస్తారట. "మాస్టారూ, కథ నాది. మాటలు రాయడానికి తోడు కావాలి. ఇద్దరున్నారు. ఒకడు నేనేం రాసినా అద్భుతం అంటాడు. రెండోవాడు ప్రతిదానికీ వంక పెడతాడు. ఎవర్ని కలుపుకోమంటారు?" అన్నాడు.

చప్పున సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే, ఒకప్పుడు ఈ పరీక్షలో తప్పినవాణ్ణి నేను.

1974 నాటి సంగతి. అప్పుడు తెనాలిలో పంతులుద్యోగం వెలగబెడుతున్నాను. తెనాలిలో ఉన్నవాడికి నాటకాల పిచ్చి పట్టకపోతే ఆశ్చర్యం గాని, పడితే ఆశ్చర్యం ఏముంది? నేనూ ఒక నాటిక రాశాను. పరిషత్తు పోటీకి పంపాలని ఉబలాటం. ఎవరికైనా చదివి వినిపించాలి గదా! మా వీధి చివర ఒక బాబాయి ఉండేవాడు. బియ్యం మిల్లులో గుమాస్తా. వయసులో ఉండగా పౌరాణిక నాటకాల్లో చిన్నా చితకా వేషాలు కట్టినవాడు. సొంతంగా ఒక్క సంభాషణ రాసి ఎరగడు. కాని, ఏ మాట దగ్గర జనం చుట్ట వెలిగించుకుంటారో ఆయనకి తెలుసు.

వింటూ వింటూ చెవిమీది పెన్సిలు తీశాడు. "అబ్బాయ్, ఈ తల్లి ఇంతసేపు ఏడవడం ఎందుకూ? కొడుకు మాట విని చేతిలో గ్లాసు కింద పెట్టేసింది గదా. జనానికి అక్కడే తెలిసిపోయింది" అని, పేజీ పేజీ అంతా అడ్డంగా గీసి పారేశాడు. ఆ పేజీ కోసం నేను మూడు రాత్రులు మేలుకున్నాను. నాలుగో రాత్రి కోపంతో నిద్ర పట్టలేదు.

ప్రదర్శన రోజున ఆ తల్లి వేషం వేసినావిడ గ్లాసు కింద పెట్టింది. హాల్లో చీమ చిటుక్కుమంటే ఒట్టు. మాకు రెండో బహుమతి వచ్చింది.

తరవాత నాటిక అచ్చు వేయించాను. పుస్తకం మీద నా పేరొక్కటే. రాసింది నేను, కొట్టేసింది ఆయన. కొట్టేసినవాడికి పేరెందుకూ అనుకున్నాను. లోపల కృతజ్ఞత ముక్క కూడా లేదు. బాబాయి పది ప్రతులు డబ్బిచ్చి కొని, "మా అబ్బాయి రాశాడు" అంటూ మిల్లులో పంచిపెట్టాడు. ఆ రోజు నేను సిగ్గుపడవలసింది. పొంగిపోయాను.

రెండో నాటకానికి బాబాయి దగ్గరకి వెళ్లలేదు. కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడొకాయన దొరికాడు. చదువుకున్నవాడు, నేనంటే గౌరవం. రోజూ సాయంత్రం వాళ్లింట్లో పకోడీలు, కాఫీ. పేజీ పేజీకీ "ఆహా!" నాటకం పూర్తయ్యేదాకా మా ఇద్దరి మధ్యా ఒక్క మాట తేడా రాలేదు. అసలు తేడా అక్కడే ఉందని అప్పుడు నాకు తెలియలేదు.

ప్రదర్శన జరిగింది. రెండో రంగంలో కథానాయకుడు ఉపన్యాసం మొదలుపెట్టాడు. ముందు వరసలో ఒక పసివాడు ఏడిచాడు. వాణ్ణి సముదాయించడానికి పదిమంది లేచి బయటికి వెళ్లారు! మర్నాడు మా మిత్రుడు, "జనానికి ఆ స్థాయి లేదండీ" అన్నాడు. ఆ మాట పట్టుకుని అయిదేళ్లు కలం ముట్టకుండా కూర్చున్నాను.

మిత్రుడు చెడ్డవాడు కాడు సుమండీ. ఆయనకి నా మీద ప్రేమ. బాబాయికి నాటకం మీద ప్రేమ. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి నాకు అయిదేళ్లు పట్టింది.

మనవాళ్లలో పేరుమోసిన జంటలను చూడండి. తిరుపతి వేంకట కవులిద్దరూ కవులే, ఇద్దరూ అవధానులే. 1920లో తిరుపతి శాస్త్రిగారు పోయారు. చెళ్లపిళ్ల వేంకట శాస్త్రిగారు 1950 దాకా ఉన్నారు. పోయినవారి పేరు విడిచిపెట్టకుండా, తరవాత కూడా జంట పేరుతోనే రాశారు. బాపు రమణల సంగతి వేరు. ఒకరిది గీత, ఒకరిది రాత. 1967లో 'సాక్షి' నుంచి 2011లో 'శ్రీరామరాజ్యం' దాకా కలిసి సినిమాలు తీశారు. ఆ ఆఖరి సినిమా తెరమీదికి వచ్చేసరికి రమణగారు లేరు. ఆయన మాటలు ఉన్నాయి. ఒక జంటది ఒకే విద్య, మరొక జంటవి రెండు విద్యలు. అంచేత జోడీ కుదరడానికి విద్య ఒక్కటీ చాలదు. ఇందులో నా వాటా ఎంత అని లెక్క వేసుకోకపోవడమే గట్టి ముడి అని నాకనిపిస్తుంది. చిత్రమేమిటంటే, పొద్దస్తమానం లెక్కలు రాసే గుమాస్తా ఆ లెక్క వేయలేదు. తెలుగు పాఠం చెప్పే నేను వేశాను.

1979లో ఒకనాడు సిగ్గు విడిచి మిల్లుకి వెళ్లాను. బాబాయి ఏమీ అనలేదు. చిట్టా పుస్తకాల కింది నుంచి నా రెండో నాటకం ప్రతి తీసి చేతిలో పెట్టాడు. పదకొండు పేజీలు పెన్సిలుతో కొట్టేసి ఉన్నాయి.

"ఎప్పుడు చేశావు బాబాయ్?"

"కొన్నప్పుడే. నువ్వు అడగలేదు గదా, అందుకని ఇవ్వలేదు."

నెలరోజులు కూర్చుని, పోట్లాడుకుని తిరగరాశాం. ఈసారి బహుమతి రాలేదు. కాని హాల్లోంచి ఒక్కడూ లేవలేదు. పుస్తకం మీద నీ పేరు కూడా వేస్తానంటే, "మిల్లులో చేసే సంతకాలతోనే చెయ్యి నొప్పి పుడుతోంది, పోరా" అన్నాడు. 1996లో ఆయన పోయేదాకా ఏ పుస్తకం మీదా ఆయన పేరు పడలేదు.

ఇదంతా ఆ కుర్రవాడికి చెప్పాను. "అయితే వంకలు పెట్టేవాణ్ణే తీసుకోమంటారా?" అన్నాడు.

"తొందరపడకు. వంకలు పెట్టేవాళ్లంతా బాబాయిలు కారు. నువ్వు రాసినవాటిలో నీకే నచ్చని పేజీ ఒకటి తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టు. తప్పు దొరికిందని సంబరపడతాడా, లేక పెన్సిలు తీసి నీ పక్కన కూర్చుంటాడా చూడు. కూర్చుంటే వదలకు" అన్నాను.

ఇప్పుడు ఆ రెండు నాటికలూ కలిపి మళ్లీ అచ్చు వేయిస్తున్నాను. నిన్న ముఖపత్రం ప్రూఫు వచ్చింది. రెండు పేర్లున్నాయి. మా ఆవిడ చూసి, "బాబాయిగారు ఉంటే ఆ రెండో పేరు కొట్టేసేవారు" అంది.

నిజమే, కొట్టేసేవాడు. అందుకే ఈ ఒక్కటీ ఆయన్ని అడగకుండా ఉంచేశాను.