ఈస్‌డేల్ కొండకొలను

ఇంగ్లండు వాయవ్యభాగమున, కొండలును సరస్సులును పెనవేసికొనియున్న సీమను లేక్ డిస్ట్రిక్టు అందురు. 1951లో దానిని జాతీయవనముగా నేర్పరచిరి. 2017లో అది ప్రపంచ వారసత్వ స్థలములలో చేరినది. ఆ సీమ నడుమనున్నది గ్రాస్మియర్ గ్రామము. మా అమ్మాయి మాంచెస్టరులో ఉద్యోగము చేయుచున్నందున, గడచిన వైశాఖమున మాకును మా వదినగారికిని ఆ గ్రామమునుండి ఈస్‌డేల్ కొండకొలనునకు నడచిపోవు భాగ్యము కలిగినది.

ఈ వయసున కొండలెక్కుట యేల యని సోదరీమణులు కొందరు నవ్వుదురేమో. తిరుమల కొండను కాలినడక నెక్కిన మన పెద్దల యెదుట ఇది యెంత? ఒక త్రోవను పోయి వేరొక త్రోవను వచ్చినను అంతయు అయిదు మైళ్లకు కొంచె మెక్కువ. ఎక్కవలసినది ఏడెనిమిది వందల అడుగులు. అయినను రాళ్లు నున్నగా తడిసియుండును. ఎండావానలు గడియకొకసారి మారుచుండును. మా వదినగారు చీర మాని సల్వారు ధరించుటకు ముందునాడంతయు సంశయించి, మొదటి బురద కంటబడినంతనే ఆ సంశయమును విడిచిరి.

గ్రామము దాటి, వాగుపైనున్న చిన్న రాతివంతెన నడచినచో పచ్చికబయళ్లు. అచటి గొఱ్ఱెలు హెర్డ్‌విక్ జాతివి. పిల్లలు పుట్టినపుడు నల్లగానుండి, ఏండ్లు గడచినకొలది బూడిదవన్నె తాల్చును. "మన తలలవలెనే" అనిరి వదినగారు. పైనుండి నురుగులు గ్రక్కుచు దుముకు జలపాతమునకు వాడుకలోనున్న పేరు పులిసిన పాలవాగు అని యర్థమిచ్చును. అమ్మాయి దానిని 'పులిపాలవాగు' అని తెనిగించగా, "పులిపాలు తెచ్చువారు ఈ దేశమునకూడ కలరా?" యని మేము నవ్వుకొంటిమి.

జలపాతము ప్రక్కనే యెక్కి యెక్కి, ఇక నొక మిట్టయే యనుకొనునంతలో కొలను కానవచ్చినది. పూర్వము మంచుప్రవాహములు ఈ కొండను దొలిచి పల్లము చేసినవట. అవి విడిచిపోయిన మన్నును రాళ్లును దిబ్బలై నేటికిని చుట్టునున్నవి. నీరు నల్లగా, నిశ్చలముగా నుండెను. గట్టున కూర్చుండి పులిహోర తినుచుండగా, దక్షిణపు మిట్టను చూపి అమ్మాయి, "అమ్మా, దానికావలిది లాంగ్డేల్ లోయ. జార్జి గ్రీను, సారా గ్రీను అను దంపతులు అచటినుండి తిరిగి రాలేదు" అని యారంభించినది.

1808 మార్చి 19వ తేదీన ఈస్‌డేల్ వాసులైన ఆ దంపతులు లాంగ్డేల్‌లో జరుగు వేలమునకు పోయి, రాత్రి మంచుతుపానులో దారితప్పి కొండమీద మరణించిరి. ఇంట ఆరుగురు పిల్లలు, కడపటిది చంటిబిడ్డ. వారిలో పెద్దది పదునొకండేండ్ల జేను. తల్లిదండ్రులు నేడు వత్తురు, రేపు వత్తురని యెదురుచూచుచు, ఆ పిల్ల తమ్ములను చెల్లెండ్రను సాకుకొనుచుండెను. తరువాత ఊరివారు వెదకి దేహములను కనుగొనిరి. విలియం వర్డ్స్‌వర్త్ కవి సోదరి డొరొతి అప్పుడు గ్రాస్మియర్‌లోనే యుండెను. ఆమెయు వదినెయైన మేరీయు ఊరి స్త్రీలతో కలసి అనాథలకు ఇండ్లు చూచిరి, చందాలు వసూలైనవి. డొరొతి ఈ వృత్తాంతమునంతయు వ్రాసి, బ్రతికియున్న పిల్లల కథ పదిమంది నోళ్లలో పడరాదని అచ్చువేయింప నిరాకరించినది. ఆమె 1855లో మరణించెను; పుస్తకము 1936లో గాని వెలువడలేదు. ఎన్నియో వ్రాసి యచ్చువేయించినవారిని మన మెరుగుదుము. వ్రాసియు దాచినవారిని తలచుట యరుదు.

వినుచుండగనే మబ్బు దిగి ఎదుటి శిఖరము కానరాకపోయెను. వచ్చిన త్రోవనే పోవుదమని వదినగారు. ఉత్తరపు గట్టు దాటి ఫార్ ఈస్‌డేల్ లోయలో దిగుదమని అమ్మాయి. మా మనస్సున గ్రీను దంపతులే మెదలుచుండిరి. "అత్తయ్యా, నాకు పటము చదువుట వచ్చును. ఇరువది నిమిషములలో మబ్బు క్రిందికి దిగిపోదుము, లేనిచో వెనుకకు వత్తము" అని అమ్మాయి ముందు నడచినది. మేము దాని వీపుపైనున్న ఎఱ్ఱసంచినే చూచుచు అడుగులు వేసితిమి. ఇరువది రెండేండ్ల వయసున దీనిని ఒంటరిగా విమానమెక్కించినాడు, అచట త్రోవ యెవరు చూపుదురని మేము ఎన్ని రాత్రులు నిద్రలేక గడపితిమో దానికి తెలియదు. బురదనేల వచ్చినచోట నిలిచి, ముందు వదినగారికి, తరువాత మాకు చేయి అందించినది. ఇరువది నిమిషములు కాకమునుపే లోయలోని వాగును, దానిపై చిన్న వంతెనయు కానవచ్చినవి. అటుపై త్రోవ తప్పుట కెడము లేదు.

గ్రామమున చర్చి ఆవరణములో గ్రీను దంపతుల సమాధి కలదు. డొరొతి సమాధియు అచటనే. ప్రక్కనున్న చిన్న దుకాణములో, 1854లో సారా నెల్సన్ అను నామె కనిపెట్టిన అల్లపు రొట్టె నేటికిని అమ్ముదురు. వదినగారు ఒక ముక్క నోటవేసికొని, అల్లము చాలలేదని తేల్చి, ఇంటికని రెండు పొట్లములు కొనిరి.