బస్తర్‌లో బోరీ బంధాన్

విశాఖపట్నంలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కితే చీకటి పడే వేళకి జగదల్‌పూర్‌లో దిగొచ్చు. బొర్రా, అరకు దాకా పెట్టె నిండా జనం, సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు. అరకులో సగం పైగా దిగిపోయాక కాళ్ళు చాపుకున్నాను. ఎదురుగా వచ్చే గూడ్సు బళ్ళన్నీ బైలాడీలా ఇనప రాయి నింపుకుని మా విశాఖ పోర్టుకి దిగుతున్నాయి. 1960లలో ఈ లైను వేసిందే ఆ రాయిని జపాన్‌కి పంపడానికి. అందుకని దారివ్వాల్సి వస్తే ఆగేది మనుషులున్న బండే! కోరాపుట్ దాటాక ఒక చిన్న స్టేషన్లో బండి ఆగిన సేపట్లో దిగి టీ తాగి, కప్పు పారేసి, మళ్ళీ ఇంకో టీ తాగాను.

నేను బయల్దేరింది జలపాతాల కోసం కాదు. విజయనగరంలో డిగ్రీ చదివినప్పుడు నాతో పాటు జాతీయ సేవా పథకం, అదే ఎన్‌ఎస్‌ఎస్‌లో ఉన్న స్నేహితుడు ఒకడు జగదల్‌పూర్‌లో మందుల షాపు పెట్టుకుని స్థిరపడ్డాడు. ఏటా చలికాలంలో అక్కడి ఒక కాలేజీ వాళ్ళు కొండగావ్ వైపు పల్లెలో ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు పెడతారు. వీడు షాపు తమ్ముడికి అప్పగించి అక్కడికి పోతాడు. చదివిన కాలేజీ కాదు, చదివిన రాష్ట్రమూ కాదు. "కాలేజీ వదిలి ఇన్నేళ్ళయింది, ఇంకా క్యాంపులేంట్రా?" అని ఫోన్లో అడిగితే, "నువ్వొచ్చి చూడరా, చెబితే అయ్యేది కాదు" అన్నాడు. బస్తర్ అనగానే మా ఇంట్లో అందరి మొహాలూ మారాయి. పాపం, వాళ్ళకి తెలిసింది పేపర్లో చదివిన బస్తర్.

మర్నాడు ముందుగా దంతేశ్వరి గుడికి తీసుకెళ్ళాడు. ఓరుగల్లు కూలిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటొచ్చి రాజ్యం స్థాపించాడని ఇక్కడి రాజవంశం చెప్పుకునే కథ. "చూశావా, మన వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన వాళ్ళలో నేను మొదటివాణ్ణేం కాదు" అన్నాడు వాడు, చెప్పులు తొడుక్కుంటూ.

వాడికి షాపులో పనుండి, నన్ను ఒక్కణ్ణే కొండగావ్ బస్సెక్కించాడు. రోడ్డుకి రెండు వైపులా సాల వృక్షాలు, మనం గుగ్గిలం చెట్లంటామే, అవి. దిగి, వచ్చిన హిందీలో "క్యాంపు ఎక్కడ?" అని అడిగాను. ఒకాయన నన్ను ఎగాదిగా చూసి రోడ్డు అవతలికి చెయ్యి చూపించాడు. వెళ్ళి చూస్తే ముళ్ళ కంచె, ఇసుక మూటలు, తుపాకీ పట్టుకున్న జవాను! బస్తర్లో క్యాంపు అంటే ముందు భద్రతా బలగాల క్యాంపేనని అప్పుడు తెలిసింది. ఆ జవాను నవ్వి, కాలేజీ పిల్లలైతే స్కూల్లో ఉంటారని చెప్పి దారి చూపించాడు.

ఆ స్కూలు పట్టుకోవడం ఇంకో కథ. మన ఊళ్ళలో వీధి మొదట్లో నిలబడితే చివరిల్లు కనిపిస్తుంది. ఇక్కడ ఊరంటే నాలుగైదు పారాలు, అంటే విడివిడి వాడలు. ఒక పారాకీ ఇంకో పారాకీ మధ్య పొలాలు, వాగు, కాస్త అడవి. ఊరి పేరు చెబితే అందరూ "ఇదే" అంటారు, కానీ ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. ఏ పారా అన్నది అడగాలి. చివరికి సొర బుర్రలో నీళ్ళు వేలాడేసుకుని పొలానికి పోతున్న ఒక పెద్దాయన వెంట నడిచాను. "జోహార్" అంటే "జోహార్" అన్నాడు. మా ఇద్దరి మధ్యా మాటలు అంతటితో అయిపోయాయి. అయినా స్కూలు దాకా తెచ్చి వదిలాడు.

స్కూలు గోడ మీద బ్యానరు, దాని మీద మా పథకం గుర్తు కోణార్క్ చక్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది. చక్రంలో ఎనిమిది ఆకులుంటాయి, అవి రోజులోని ఎనిమిది జాములని మా మాస్టారు మాతో బట్టీ పట్టించారు. గాంధీ శతజయంతి ఏడు 1969, సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన పథకం ఇది. ఇప్పుడు వలంటీర్లు 30 లక్షలు దాటారు. క్యాంపు దినచర్య మాత్రం ఎక్కడైనా ఒకటే: తెల్లవారుజామున ప్రభాత ఫేరీ, తర్వాత శ్రమదానం, మధ్యాహ్నం ఉపన్యాసం, రాత్రి పాటలూ నాటికలూ. ఉపన్యాసంలో వెనక వరసలో కునుకు తీసే వాళ్ళు కూడా అచ్చం మా వాళ్ళే.

అన్నం సాల ఆకులు కుట్టిన విస్తట్లో. పొద్దున దొన్నెలో మడియా పేజ్ పోశారు. మన రాగి అంబలే, పల్చగా, కాస్త పులుపు ఎక్కువ. సంతకి వెళ్ళిన పిల్లలు ఆకు పొట్లంలో చపడా తెచ్చారు. ఎర్ర చీమలు, వాటి గుడ్లు, ఉప్పూ మిరపకాయలూ కలిపి నూరిన పచ్చడి. కళ్ళు మూసుకుని నాలిక మీద పెట్టుకున్నాను. గోంగూరకి నిమ్మకాయ పిండినంత పులుపు! రెండోసారి నేనే అడిగి వేయించుకున్నాను. సల్ఫీ కూడా ఇక్కడి సంగతే. మన రంపచోడవరం వైపు జీలుగు కల్లు అంటారే, అదే చెట్టు. క్యాంపు నియమాలున్నాయి కాబట్టి దాని రుచి గురించి నేనేమీ రాయను.

మర్నాడు నా స్నేహితుడు వచ్చాడు. వాడితో ఇంకొందరు పాత వలంటీర్లు: ఒక బడి పంతులు, ఒక నర్సు, సొంత ట్రాక్టరున్న రైతు. అసలు పని అప్పుడు మొదలైంది. వాగుకి అడ్డంగా ఇసుక బస్తాల కట్ట వెయ్యాలి. ఇక్కడ దాన్ని బోరీ బంధాన్ అంటారు. వానలు వెనక్కి పోయాక వాగులో సన్నగా పారే నీటిని ఆపితే వేసవి దాకా పశువులకీ, కూరపాదులకీ, స్నానాలకీ సరిపోతుంది, పక్క బావుల్లోనూ ఊట నిలుస్తుంది. ఖాళీ సిమెంటు బస్తాలూ, ఇసుకా, చేతులూ చాలు.

కుర్రాళ్ళు ఉత్సాహంగా బస్తాలు మూతి దాకా కూరేస్తున్నారు. ట్రాక్టరాయన ఒక్కో బస్తాలోంచి పావు వంతు ఇసుక కింద పోయించాడు. నిండు బస్తా పక్క బస్తాతో ఒరుసుకోదు, సందుల్లోంచి నీరు జారిపోతుంది. కాస్త వెలితిగా ఉన్నదే ఒదుగుతుంది. ఇటుక పేర్పులా ఒక వరస అతుకు మీద పై వరస బస్తా రావాలి. అన్నిటికంటే ముందు అడుగున ఇసుక తోడి, గట్టి నేల తగిలే దాకా పోవాలి. ఎక్కడ తోడాలో నర్సమ్మ కాలితో గీత గీసి చూపించింది. కిందటేడు కట్ట అక్కడే కారిందట. దారి చూపించిన సొర బుర్ర పెద్దాయన కూడా ఎప్పుడొచ్చాడో, తట్టలో పుట్టమన్ను తెచ్చి పై వైపు సందులకి మెత్తుతున్నాడు. ఊరి పిల్లలు బస్తాలు గోండీలో లెక్కపెడుతుంటే, రెండ్, మూండ్, నాలుంగ్ అని నేనూ అందుకున్నాను. వాళ్ళు ఆశ్చర్యపోయి చూశారు. నేను ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయాను.

ఈ కట్ట వచ్చే వానల్లో కొట్టుకుపోతుంది. పోవాలి కూడా, వాగుకి వరద దారి కావాలి కదా. అంటే మళ్ళీ ఏడు మళ్ళీ కట్టాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో పిల్లలుండేది రెండేళ్ళు, ఏడాదికి 120 గంటలు, మొత్తం 240. గంటలు నిండాక చేతిలో సర్టిఫికెట్టు. కాలేజీ దత్తత తీసుకున్న ఊరు అలాగే ఉంటుంది, వాగూ అలాగే ఉంటుంది, కట్ట ఎక్కడ కారిందో తెలిసిన పిల్లలు మాత్రం ఉండరు. నా స్నేహితుడు ఏటా ఎందుకు వస్తాడో నాకు అక్కడ, మోకాలి లోతు నీళ్ళలో అర్థమైంది. ఉపన్యాసాలిచ్చే పాత విద్యార్థులు ప్రతి కాలేజీకీ ఉంటారు, శాలువా కప్పించుకుని వెళ్తారు. ఇక్కడి వాళ్ళలో ఒక్కరూ వేదిక ఎక్కలేదు. ప్రోగ్రామ్ ఆఫీసరు చెప్పిన పని చేశారు, కుర్రాళ్ళు అడిగితేనే సలహా చెప్పారు. అమెరికాలో 1925లో లఫాయెట్ కాలేజీలో పుట్టిన ఆల్ఫా ఫై ఒమెగా అనే సేవా సంఘంలో చేరిన వాళ్ళు చదువైపోయినా జీవితాంతం సభ్యులేనట. మన పథకంలో అలాంటి ఏర్పాటు లేదు. రావాలనుకున్న వాడు తనంతట తను రావడమే.

సాయంత్రం నెగడు దగ్గర పెద్దాయనతో మాట్లాడాను, నా స్నేహితుడు హల్బీలో అడిగి నాకు చెబుతుంటే. ఆయన చిన్నప్పుడు ఘోటుల్‌లో చేలిక్. ఘోటుల్ అంటే మురియా గిరిజనుల పిల్లల ఇల్లు, పెళ్ళి కాని అబ్బాయిలూ (చేలిక్‌లు) అమ్మాయిలూ (మోటియారీలు) రాత్రిళ్ళు చేరేది. వెరియర్ ఎల్విన్ 1947లో దాని మీద పెద్ద పుస్తకం వేసినప్పటి నుంచీ బయటి వాళ్ళు అక్కడి ప్రేమల గురించే చెవులు కొరుక్కుంటున్నారు. అదే పుస్తకంలో చీపురు వంతులూ, కట్టెల వంతులూ, ఎగ్గొడితే పడే జరిమానాలూ కూడా ఉన్నాయి, వాటిని ఎవరూ చెప్పుకోరు. ఎవరింట్లో పెళ్ళయినా, చావైనా, ఎవరు ఇల్లు కట్టుకున్నా ఘోటుల్ మొత్తం వెళ్ళి పనిచేసేదట. పెళ్ళయిన రోజున సభ్యత్వం అయిపోతుంది. "మరి తర్వాత?" అని అడిగించాను. తర్వాత ఏముంది, ఇల్లు కట్టేటప్పుడు దూలం ఎలా ఎత్తాలో కుర్రాళ్ళకి తెలీదు కదా, వెళ్ళి పట్టుకునే వాళ్ళం అన్నాడు. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు నా వైపు చూసి, నెగడులో కట్టె ఎగదోశాడు.

తిరుగు దారిలో చిత్రకోట్ చూశాను. ఇంద్రావతి అక్కడ 29 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. చలికాలంలో నీరు పాయలుగా చీలిపోయి, మధ్యలో రాయే ఎక్కువ కనిపించింది. జలపాతమే కావాలంటే వానలు తగ్గుతున్న సెప్టెంబరు, అక్టోబరుల్లో వెళ్ళండి, దసరా కూడా కలిసొస్తుంది. ఇక్కడి దసరా 75 రోజుల పండగ.

కట్ట కట్టాలనుకుంటే మాత్రం చలికాలమే. బస్తర్ దాకా రాలేని వాళ్ళు మీరు చదివిన కాలేజీకి ఫోన్ చేసి, ఈ ఏడు ప్రోగ్రామ్ ఆఫీసరు ఎవరో, దత్తత ఊరు ఏదో కనుక్కోండి. వెళ్ళే ముందు తప్పకుండా చెప్పి వెళ్ళండి, తిండి ఖర్చు మీరే పెట్టుకోండి, మైకు ఇస్తామంటే వద్దనండి. పాత చెప్పులూ, రెండు జతల బట్టలూ, దుప్పటీ చాలు. ఖాళీ సిమెంటు బస్తాలు ఎక్కడైనా కనిపిస్తే పారెయ్యకుండా పట్టుకెళ్ళండి. అవి ఎప్పుడూ చాలవు.